అలంపురం జోగులాంబ: గుడి లేని కాలంలోనూ నిలిచిన పీఠం

(దసరా యాత్రకు బయలుదేరుతున్న బృందం కోసం ఒక గ్రంథాలయ మందిరంలో చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు, అమ్మలకు, సెలవురోజైనా వచ్చి ముందు వరసలో కూర్చున్న పిల్లలకు నమస్కారం.

మీలో చాలామంది ఈ దసరాకు అలంపురం మీదుగా శ్రీశైలం వెళ్తున్నారు. బయలుదేరేముందు అలంపురం గురించి నాలుగు మాటలు చెప్పమని నిర్వాహకులు అడిగారు. శ్రీశైలం గురించి తెలుగువాళ్ళకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అలంపురం సంగతి అలా కాదు. యాత్రల బస్సులు అక్కడ గంట, మహా అయితే గంటన్నర ఆగుతాయి. జనం చెప్పులు విడిచి, వరసలో నిలబడి, అమ్మవారిని చూసి, కుంకుమ తీసుకుని, మళ్ళీ బస్సెక్కుతారు. దర్శనం అయిందన్న తృప్తి ఉంటుంది, అది నిజమైన తృప్తే, కాదనను. కానీ ఆ గంటలో వాళ్ళు చూసింది 2005లో తెరుచుకున్న కొత్త గుడిని. ఆ అమ్మవారి కథలో అది చివరి అధ్యాయం మాత్రమే. అంతకుముందు అధ్యాయాలన్నీ ఆ చుట్టుపక్కల రాళ్ళలోనూ, నది ఒడ్డునా ఉన్నాయి. అందుకే నా మనవి ముందే చెప్పేస్తున్నాను: అలంపురానికి ఒక పూర్తి రోజు ఇవ్వండి.

ముందుగా ఊరు ఎక్కడుందో చూద్దాం. జోగులాంబ గద్వాల జిల్లా. 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు అమ్మవారి పేరే జిల్లాకు పెట్టారు. అంతకుముందు ఇది మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండేది. ఊరు తుంగభద్ర ఎడమ గట్టున ఉంది, కర్నూలుకు సుమారు పాతిక కిలోమీటర్ల దూరం. తుంగభద్ర ఇక్కడ ఉత్తరంగా ప్రవహిస్తుంది. ఉత్తరవాహిని పక్కన శివక్షేత్రం ఉంటే దాన్ని కాశితో సమానంగా తలచుకోవడం మన పెద్దల అలవాటు కనుక దీన్ని దక్షిణకాశి అన్నారు. ఇంకొంత కిందికి వెళ్తే తుంగభద్ర కృష్ణలో కలుస్తుంది. శ్రీశైల క్షేత్రానికి నాలుగు దిక్కులా నాలుగు ద్వారాలని చెబుతారు కదా: తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, ఉత్తరాన ఉమామహేశ్వరం, పడమట అలంపురం. పూర్వం పడమటి నుంచి మల్లన్న దగ్గరికి నడిచి వెళ్ళే యాత్రికులు ముందు ఇక్కడ తుంగభద్రలో మునిగి, ఇక్కడి దేవుళ్ళకు మొక్కి, ఆ తర్వాతే నల్లమల అడవి దారి పట్టేవారు. మీరు బస్సులో వెళ్తున్నది ఆ పాత యాత్రనే. అలంపురం దారిలో తగిలే ఊరు కాదు, యాత్ర మొదలయ్యే ఊరు.

ఇక అమ్మవారి సంగతి. దక్షయజ్ఞం కథ మీకు తెలుసు. తండ్రి చేసిన అవమానానికి సతీదేవి దేహం విడిచింది. శివుడు ఆ దేహాన్ని భుజాన వేసుకుని లోకమంతా తిరిగాడు. విష్ణువు చక్రంతో ఆ దేహాన్ని ఖండిస్తే, ముక్కలు పడ్డ చోటల్లా శక్తిపీఠాలు వెలిశాయి. అలంపురంలో పడింది పైదవడ పంతి అని సంప్రదాయం. ఆదిశంకరుల పేర వ్యాప్తిలో ఉన్న అష్టాదశ శక్తిపీఠ స్తోత్రంలో "అలంపురే జోగులాంబా, శ్రీశైలే భ్రమరాంబికా" అని వస్తుంది. లంకలోని శాంకరీదేవితో మొదలుపెట్టి లెక్కిస్తే జోగులాంబది అయిదో స్థానం. ఈ పద్దెనిమిదింటిలో నాలుగు తెలుగునేల మీద ఉన్నాయి: అలంపురం, శ్రీశైలం, పిఠాపురం, ద్రాక్షారామం. ఈ నాలుగింటిలోనూ అమ్మవారు ఒంటరిగా లేరు. శ్రీశైలంలో మల్లికార్జునుడు, పిఠాపురంలో కుక్కుటేశ్వరుడు, ద్రాక్షారామంలో భీమేశ్వరుడు, అలంపురంలో బాలబ్రహ్మేశ్వరుడు పక్కనే ఉన్నారు. శివుణ్ణి విడిచి శక్తి లేదన్న మాటను మనవాళ్ళు ఊళ్ళ నిర్మాణంలోనే చూపించారు. అలంపురంలో అయితే ఇది మరీ గట్టిగా కనిపిస్తుంది. అమ్మవారికి ఒక్క గుడి ఉంటే, శివుడికి తొమ్మిది గుళ్ళున్నాయి. ఆ తొమ్మిదింటిలో ఒకటి అమ్మవారికి ఆరువందల ఏళ్ళు ఆశ్రయమిచ్చింది. ఆ కథకే వస్తున్నాను.

ఆ తొమ్మిదినీ నవబ్రహ్మ ఆలయాలంటారు. బాలబ్రహ్మ, కుమారబ్రహ్మ, అర్కబ్రహ్మ, వీరబ్రహ్మ, విశ్వబ్రహ్మ, తారకబ్రహ్మ, గరుడబ్రహ్మ, స్వర్గబ్రహ్మ, పద్మబ్రహ్మ. లోపలికి వెళ్ళి బ్రహ్మ విగ్రహం కోసం వెతికేవాళ్ళను నేను చూశాను. లేదు. అన్నీ శివలింగాలే. బ్రహ్మ ఇక్కడ శివుడి కోసం తపస్సు చేశాడని స్థలపురాణం. రససిద్ధుడనే యోగి రసవాద విద్యతో ఈ గుళ్ళు కట్టించాడని ఊరివాళ్ళు మరో కథ కూడా చెబుతారు.

చరిత్ర చెప్పేది బాదామి చాళుక్యుల పేరు. ఏడో శతాబ్దంలో, ఎనిమిదో శతాబ్దంలో ఈ గుళ్ళు లేచాయి. ఎక్కడో పడమట, నేటి కర్ణాటకలో, మలప్రభ లోయలో రాజధాని ఉన్న రాజులు ఇంత దూరం వచ్చి తుంగభద్ర ఒడ్డున ఇంత పని చేశారంటే ఈ క్షేత్రానికి అప్పటికే ఎంత పేరుందో ఊహించుకోండి. ఆ రాజులే ఐహోళెలో, పట్టదకల్లులో కట్టించిన గుళ్ళు చూడ్డానికి లోకమంతా వెళ్తుంది. పట్టదకల్లుకు 1987లో యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా వచ్చింది. అలంపురం వాటికి తోబుట్టువు. కానీ మన పిల్లల్లో ఎంతమందికి ఈ పేరు తెలుసు? ముందు వరసలో ఉన్న పిల్లలను చేతులెత్తమని అడగను. వాళ్ళ తప్పు కాదది. చెప్పవలసింది మనం.

ఒక్క స్వర్గబ్రహ్మ ఆలయం దగ్గర మాత్రం కాస్త ఎక్కువసేపు ఆగుదాం, మీరు అక్కడ నిలబడినప్పుడు ఏం చూడాలో ఇప్పుడే చెబుతాను. ఇది వినయాదిత్యుడి కాలంలో, అంటే 681కీ 696కీ మధ్య కట్టింది. ముందు తల పైకెత్తి శిఖరం చూడండి. మన దక్షిణాదిలో అలవాటైన గోపురంలా అంతస్తులు అంతస్తులుగా పోదు. కింది నుంచి పైకి మెల్లగా లోపలికి వంగుతూ పోతుంది. ఇది రేఖానాగర శిఖరం, ఉత్తరాది పద్ధతి. పైన గాడులు తీసిన గుండ్రని రాయి ఒకటి ఉంటుంది, ఉసిరికాయ ఆకారం, దాన్ని ఆమలకం అంటారు. తొమ్మిదింటిలో ఎనిమిది ఈ పద్ధతిలో కట్టినవే. తారకబ్రహ్మ ఒక్కటే ద్రావిడ పద్ధతిలో అంతస్తులుగా పైకి లేచింది. రెండు పద్ధతులు పక్కపక్కనే చూడాలంటే ఇంతకన్నా మంచి చోటు లేదు. ఇప్పుడు చూపు దించి స్తంభాలు చూడండి. పూర్ణకుంభం, దాని మూతి నుంచి రెండువైపులా పొంగి జారుతున్న ఆకులు, తీగలు. ఇంటి గుమ్మం ముందు మనం పెట్టే కలశమే రాతిలో ఉందన్నమాట. తర్వాత గోడల వెంట ప్రదక్షిణంగా నడవండి. మూలల్లో దిక్పాలకులు, వాళ్ళ వాహనాలు. రాతి జాలీ కిటికీల్లో ఒక్కోదాని అల్లిక ఒక్కో తీరు. ఏ రెండూ ఒకేలా ఉండకూడదని శిల్పి పంతం పట్టినట్టు అనిపిస్తుంది. విశ్వబ్రహ్మ ఆలయం దగ్గరకు వెళ్తే పంచతంత్రం కథలు చెక్కారు, పిల్లలకు అవి చూపించండి. పుస్తకంలో చదివిన కథను పదమూడువందల ఏళ్ళనాటి రాయి మీద గుర్తుపట్టిన పిల్లవాడు ఆ ఊరిని మరిచిపోడు.

ఇక బాలబ్రహ్మేశ్వరుడు. తొమ్మిదింటిలో నిత్యపూజ, జనసందడి ప్రధానంగా ఉన్న గుడి ఇదే. ఇక్కడి లింగం మామూలు లింగాల్లా పైకి లేచి ఉండదు. ఆవు గిట్ట నేలలో దిగితే పడే అచ్చులా గుంటగా ఉంటుంది. ఇది రసలింగమని భక్తుల విశ్వాసం. మండపంలో సప్తమాతృకలు ఉన్నారు: బ్రాహ్మి, మాహేశ్వరి, కౌమారి, వైష్ణవి, వారాహి, ఇంద్రాణి, చాముండ. శివుడి గుడిలో అడుగుపెట్టగానే ఏడుగురు తల్లులు కనిపిస్తారు. అలంపురంలో శక్తి ఆరాధన ఎప్పటిదని ఎవరైనా అడిగితే నేను వాళ్ళనే చూపిస్తాను.

ఇప్పుడు అసలు కథ. జోగులాంబ పాత గుడి ఊరికి ఆగ్నేయంగా ఉండేది. పద్నాలుగో శతాబ్దం చివర, 1390లో అని స్థానిక చరిత్ర చెబుతుంది, బహమనీ సైన్యాల దాడిలో ఆ గుడి నేలమట్టమైంది. ఆ గందరగోళంలో భక్తులు అమ్మవారి విగ్రహాన్ని, అటూ ఇటూ ఉండే చండి, ముండి విగ్రహాలను కాపాడి తెచ్చి బాలబ్రహ్మేశ్వర ఆలయంలో ఒక పక్కన ఉంచారు. ఎవరు మోశారో, ఏ రాత్రి మోశారో చరిత్రలో పేర్లు లేవు. ఎవరైతేనేం, ఆ చేతులకు నేను ఇక్కడి నుంచే మొక్కుతున్నాను.

అప్పటి నుంచి ఆరు శతాబ్దాలు అమ్మవారు ఆ గుడిలోనే ఉన్నారు. ఒక్కసారి ఆలోచించండి. పద్దెనిమిది మహాపీఠాల్లో ఒకటి. స్తోత్రంలో రోజూ కోట్లమంది నోట పలికే పేరు. దానికి తనదంటూ ఒక గోపురం లేదు, గర్భగుడి లేదు. విజయనగరం వచ్చి వెళ్ళింది. గోల్కొండ వచ్చి వెళ్ళింది. నిజాముల పాలన వచ్చి వెళ్ళింది. దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది, రాష్ట్రాలు మారాయి. పూజ మాత్రం ఆగలేదు. కుంకుమార్చన ఆగలేదు. నవరాత్రులు ఆగలేదు. ఏ తాతో, ఏ ముత్తాతో చేసిన అర్చన మనవడు అందుకున్నాడు. నేను ఈ మాట మళ్ళీ మళ్ళీ అంటాను, ఎందుకంటే అలంపురంలో నాకు అన్నిటికన్నా పెద్దగా కనిపించేది ఇదే. పీఠం అంటే గోడలు, గోపురం అనుకుంటాం. గోడలు లేని ఆరువందల ఏళ్ళలోనూ ఇది పీఠమే. దాన్ని పీఠంగా నిలిపింది విడవకుండా వచ్చిన జనం, విడవకుండా దీపం పెట్టిన అర్చక కుటుంబాలు.

పాత గుడి ఉన్న చోటనే కొత్త గుడి కట్టి, 2005 ఫిబ్రవరిలో అమ్మవారిని తిరిగి ప్రతిష్ఠించారు. చాళుక్యుల శైలిని దృష్టిలో పెట్టుకుని కట్టిన గుడి అది. మీరు వెళ్ళినప్పుడు గమనించండి, గుడి చుట్టూ నీళ్ళు ఉంటాయి. అమ్మవారు ఉగ్రస్వరూపిణి కనుక ఆ ఉగ్రత చల్లబడడానికని చెబుతారు. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో కూడా అక్కడ ఎండ తీక్షణంగానే ఉంటుంది. ఆ ఎండలో నడిచి ఆ నీటి మధ్యకు చేరగానే ఒంటికి హాయిగా అనిపిస్తుంది.

అమ్మవారి రూపం గురించి వివరంగా చెప్పాలి. చాలామంది చూసి భయపడతారు, అడగడానికి మొహమాటపడతారు. అలంకారంలో చీర, నగలు, పూలదండల మధ్య ముఖం ఒక్కటే కనిపిస్తుంది కనుక రూపం తెలియదు. అమ్మవారు శవం మీద కూర్చుని ఉంటారు. నాలుక చాపి ఉంటారు. జుట్టు గాలికి లేచినట్టు పైకి విరబోసుకుని ఉంటుంది. ఆ జుట్టులో బల్లి, తేలు, గబ్బిలం, మనిషి కపాలం ఉంటాయి. యోగసిద్ధినిచ్చే తల్లి అని, యోగులకు అమ్మ అని ఈమెను కొలుస్తారు. శవాన్ని ఆసనం చేసుకున్న తల్లి, శవాసన, అంటే అదే. ప్రాణం పోతే మిగిలేదేమిటో ముందే చూసినవాడికే యోగం. శ్మశానాన్ని చూసి భయపడేవాడికి కాదు.

ఆ బల్లి, తేలు, గబ్బిలం సంగతి గృహస్థులకు మరో రకంగా చెబుతారు అక్కడి అర్చకులు. ఇది నాకు చాలా ఇష్టమైన వ్యాఖ్యానం. ఒక ఇంట్లో జీవకళ తగ్గడం మొదలైతే ముందు బల్లులు ఎక్కువవుతాయట. ఊడ్చేవాళ్ళు, తుడిచేవాళ్ళు, దీపం పెట్టేవాళ్ళు లేకపోతే తర్వాత తేళ్ళు చేరతాయి. ఇంకా పాడుబడితే గబ్బిలాలు వేలాడతాయి. చివరికి చావు. అదే కపాలం. అంటే ఒక ఇల్లు ఎలా పాడవుతుందో ఆ మెట్లన్నీ అమ్మవారు తలమీద పెట్టుకుని చూపిస్తున్నారన్నమాట. అందుకే ఈమెను గృహచండి అని కూడా అంటారు. ఇంటి దోషాలు పోవాలని ఇక్కడ మొక్కుకుంటారు. వాస్తు బాగాలేదని గోడలు పగలగొట్టేవాళ్ళు, గుమ్మాలు మార్చేవాళ్ళు ఈ వ్యాఖ్యానం ఒకసారి శ్రద్ధగా వినాలి. ఇందులో ఏ దిక్కున ఏ గది ఉండాలన్న ప్రసక్తి లేదు. ఇంట్లో మనుషులు మసలాలి, శుభ్రం ఉండాలి, సాయంత్రం దీపం వెలగాలి. పిల్లలంతా దూరదేశాలకు వెళ్ళిపోయి, తాళం పడిన ఇళ్ళు ఇవాళ ప్రతి ఊళ్ళోనూ ఉన్నాయి. ఆ తాళం తీసి లోపలికి వెళ్తే మొదట కనిపించేవి బల్లులే. అమ్మవారి తల మీద ఉన్నది మన ఊళ్ళ సంగతే.

నిజరూప దర్శనం ఏడాదిలో వసంత పంచమి నాడు ఉంటుంది. మాఘమాసంలో అమ్మవారి బ్రహ్మోత్సవాలు జరుగుతాయి, పంచమి నాడు సహస్ర ఘటాభిషేకం చేస్తారు. అలంకారాలన్నీ తీసి చేసే ఆ అభిషేకం సమయంలో అమ్మవారిని ఉన్నది ఉన్నట్టు చూడవచ్చు. దసరాకు వెళ్ళేవాళ్ళకు ఆ అవకాశం ఉండదు. నవరాత్రుల్లో రోజుకో అలంకారం చూస్తారు, ఆ వైభవం వేరు. కుదిరితే మాఘంలో ఇంకోసారి వెళ్ళండి. రెండూ చూస్తేనే అమ్మవారిని చూసినట్టు.

గుడి ఆవరణలో పురావస్తు శాఖవారి మ్యూజియం ఒకటి ఉంది. యాత్రికుల్లో ఎక్కువమంది దాని గుమ్మం కూడా తొక్కరు. దయచేసి వెళ్ళండి. అందులో ఒక స్త్రీమూర్తి ఉంది. తల లేదు. తల ఉండవలసిన చోట విచ్చిన తామరపువ్వు. కాళ్ళు ముడిచి, ప్రసవ సమయంలో ఉన్నట్టు కూర్చుని ఉంటుంది. పండితులు లజ్జాగౌరి అంటారు. సంతానం లేని స్త్రీలు తరతరాలుగా ఆ మూర్తికి మొక్కుకున్నారు. అలంపురంలో దీనికి రేణుక కథ ముడిపెట్టారు. జమదగ్ని ఆశ్రమం ఇక్కడే ఉండేదని, తండ్రి మాట మీద పరశురాముడు తల్లి తల నరికినప్పుడు, తల ఎల్లమ్మగా, మొండెం భూదేవిగా పూజలందుకున్నాయని చెబుతారు.

ఈ మూర్తి ముందు కొందరు మొహం తిప్పుకుంటారు. తిప్పుకోవలసింది ఏముంది? జన్మనిచ్చే స్థితిలో ఉన్న తల్లిని రాతిలో చెక్కి పూజించిన జాతి మనది. ఇక్కడే ఆగి ఒక్క మాట చెప్పాలి. ఆ ఊళ్ళో ఒకవైపు శవం మీద కూర్చుని మృత్యువును చూపిస్తున్న జోగులాంబ, మరోవైపు పుట్టుకను చూపిస్తున్న లజ్జాగౌరి. మధ్యలో సప్తమాతృకలు. పొలిమేరలో తలగా మిగిలిన ఎల్లమ్మ. శాస్త్రాల్లోని దేవత, పల్లెజనం దేవత అని మనం విడగొట్టి మాట్లాడుకుంటాం. అలంపురంలో ఆ గీత గీయడం కుదరదు. స్తోత్రం చదివే పండితుడు, ఒడిబియ్యం పోసే పల్లెటూరి అమ్మ ఒకే తల్లి దగ్గరికి వస్తారు. నన్నడిగితే అలంపురం ధార్మిక ప్రాముఖ్యమంతా ఈ కలయికలోనే ఉంది. పద్దెనిమిదిలో అయిదోది అన్న అంకె కన్నా నాకు ఇది పెద్దది.

ఈ క్షేత్రం గురించి ఇంత మాట్లాడుకోగలుగుతున్నామంటే అందుకు కారణమైన ఒక పెద్దాయన పేరు చెప్పకుండా దిగలేను. గడియారం రామకృష్ణశర్మగారు. అలంపురంలోనే ఉండి, అక్కడి శాసనాలు చదివి, ఆలయాల గురించి రాసి, చెట్లు మొలిచి పాడుబడుతున్న ఆ గుళ్ళ వైపు లోకం చూపు తిప్పారు. 1953లో ఆంధ్ర సారస్వత పరిషత్తు సభలు ఆ చిన్న ఊళ్ళో జరిగాయి. అప్పటి ఉపరాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ ఆ సభలకు వచ్చారు. సరైన రోడ్డు కూడా లేని ఊరికి అంతటివారిని రప్పించారంటే శర్మగారి పట్టుదల ఎలాంటిదో తెలుస్తుంది. జోగులాంబకు పాత చోటనే గుడి కట్టాలన్న కోరికకు ఊపిరి పోసినవారిలో ఆయన ఒకరు. 2006లో కన్నుమూశారు. అంటే కొత్త గుడి తెరుచుకోవడం ఆయన కళ్ళారా చూశారు. నాకు ఆ విషయం తలచుకున్నప్పుడల్లా సంతోషంగా ఉంటుంది.

నది గురించి కూడా చెప్పి ముగిస్తాను. శ్రీశైలం ఆనకట్ట కట్టినప్పుడు వెనుక జలాశయంలో ఊళ్ళకు ఊళ్ళు మునిగాయి. పొలాలు, ఇళ్ళు, శ్మశానాలు, గుళ్ళు. కృష్ణా తుంగభద్రల కూడలిలో కూడవెల్లి అనే ఊరుండేది. అక్కడి సంగమేశ్వరాలయం చాళుక్యుల నాటిది. దాన్ని నీళ్ళకు వదిలేయలేక, పురావస్తు శాఖవారు రాయి రాయికీ అంకె వేసి విప్పి, అలంపురం తెచ్చి, మళ్ళీ అదే వరసలో పేర్చారు. అలాగే పాపనాశి గుళ్ళ సముదాయాన్ని కూడా తరలించి ఊరి దగ్గర నిలబెట్టారు. సంగమేశ్వరం అనగానే వేసవిలో నీళ్ళు తగ్గితే బయటపడే సప్తనదుల సంగమేశ్వరం గుర్తుకొస్తుంది చాలామందికి. అది వేరు, ఇది వేరు. అది నంద్యాల జిల్లాలో ఇప్పటికీ నీటిలోనే ఉంది. ఇది అలంపురంలో గట్టు మీద ఉంది. ఎత్తైన అధిష్ఠానం, అంటే రాతి అరుగు, మీద నిలిచిన ఆ గుడి చుట్టూ నడిచి చూడండి. ఎక్కడ అతికారో వెతికినా సులభంగా దొరకదు. ఆ పని చేసిన ఇంజనీర్లకు, రాతిపనివాళ్ళకు కూడా భక్తుల్లో చోటివ్వాలని నా అభిప్రాయం.

అలంపురం మాత్రం మునగకుండా నదివైపు పెద్ద కరకట్ట కట్టారు. ఊరు, గుళ్ళు నిలిచాయి. కానీ పూర్వం గుడి ముందు నుంచి కనిపించే తుంగభద్రను ఇప్పుడు చూడాలంటే కట్ట ఎక్కాలి. ఎక్కండి. ఆ కట్ట కూడా అన్నిసార్లూ కాపాడలేదు. 2009 అక్టోబరులో కృష్ణా తుంగభద్రలు ఒక్కసారి పొంగినప్పుడు కర్నూలుతో పాటు అలంపురంలోకీ నీళ్ళు వచ్చాయి. నీళ్ళు తీశాక జనం ముందు చేసిన పని గుళ్ళు కడగడమే. 2020లో తుంగభద్ర పుష్కరాలు వచ్చినప్పుడు ఆ ఘాట్లలోనే మళ్ళీ స్నానాలు చేశారు.

ఇక ప్రశ్నలు ఉంటే అడగండి.

(ఒక అమ్మ ప్రశ్న: ఉగ్రదేవత అంటున్నారు కదా, చిన్నపిల్లలను తీసుకెళ్ళవచ్చా?)

తప్పకుండా తీసుకెళ్ళండి తల్లీ. అమ్మవారు ఉగ్రంగా ఉండేది అధర్మం మీద, బిడ్డల మీద కాదు. ఆ ఊరి పిల్లలు ఆ గుడి ప్రాంగణంలోనే ఆడుకుంటూ పెరుగుతారు. భయపడేలా చెప్పేది మనం, పిల్లలు కాదు. జుట్టులో బల్లి ఎందుకుందో ఇప్పుడు నేను చెప్పినట్టు వాళ్ళకు చెప్పండి, ఇంటికొచ్చాక చీపురు వాళ్ళే పట్టుకుంటారు.

(మరొక ప్రశ్న: ముందు ఏ గుడికి వెళ్ళాలి?)

బాలబ్రహ్మేశ్వరుణ్ణి ముందు చూసి, తర్వాత అమ్మవారి దగ్గరికి వెళ్ళడం ఆనవాయితీ. తెల్లవారుజామున చేరగలిగితే కట్ట దాటి నదిలో స్నానం చేయండి, నీటి మట్టం చూసుకుని, మెట్లు దాటి లోపలికి వెళ్ళకుండా. ఎండ ముదరకముందే బాలబ్రహ్మేశ్వర దర్శనం, అమ్మవారి దర్శనం అయిపోతాయి. నవబ్రహ్మ ఆలయాలు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి, శిల్పాల మీద కుంకుమ పూయకండి, కొబ్బరికాయ వాటి మెట్ల మీద కొట్టకండి. మధ్యాహ్నం భోజనం అయ్యాక మ్యూజియం. ఎండ వాలుతున్నప్పుడు పడమటి వెలుగు స్వర్గబ్రహ్మ గోడల మీద పడుతుంది, శిల్పాలు అప్పుడు చూడండి. ఆ తర్వాత సంగమేశ్వరాలయం, పాపనాశి. సొంత వాహనం లేనివాళ్ళు హైదరాబాదు, కర్నూలు మధ్య జాతీయ రహదారి మీద అలంపురం చౌరస్తాలో దిగితే ఊళ్ళోకి బస్సులు, ఆటోలు దొరుకుతాయి. మీ బస్సు శ్రీశైలానికి మర్నాడు పొద్దున బయలుదేరేలా మాట్లాడుకోండి. నిర్వాహకులు ఇక్కడే ఉన్నారు, ఆ మార్పు సంగతి ఇప్పుడే తేల్చుకుంటే మంచిది.